వెనక సీటు పెట్టిన ముహూర్తం

లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్ వెళ్ళే ఐ-15 రహదారి మీద మూడింట రెండొంతుల దారి గడిచాక బేకర్ అనే చిన్న ఊరు వస్తుంది. నాలుగు గ్యాస్ స్టేషన్లు, కొన్ని తిండి దుకాణాలు, ఆకాశంలోకి నిటారుగా లేచిన ఒక థర్మామీటరు... ఊరంతా ఇంతే. ఆ థర్మామీటరు ఎత్తు 134 అడుగులు. 1991లో కట్టారు. ఆ 134 ఊరికే పెట్టిన అంకె కాదు. బేకర్‌కు ఉత్తరాన ఉన్న డెత్ వ్యాలీలో, ఫర్నేస్ క్రీక్ దగ్గర 1913 జులై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో 56.7 సెల్సియస్. ఆ కొలత మీద కొందరు శాస్త్రవేత్తలకు అనుమానాలున్నా, ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే.

వేసవిలో అక్కడ కారు దిగగానే ఇండియా నుంచి వచ్చిన తాతయ్య తేలిగ్గా తీసిపారేస్తారు: “ఏముందిరా ఇందులో, మన రెంటచింతల ఎండే కదా!” రెంటచింతల, రామగుండం ఎండలు తిని పెరిగినవాళ్ళకు వేడి కొత్త కాదు, నిజమే. కానీ మన ఎండలో చెమట కనిపిస్తుంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంటే దాహం దానంతటదే గుర్తొస్తుంది. బేకర్ ఉన్న మొహావీ ఎడారిలో వేసవిలో గాలిలో తేమ పది శాతం కూడా ఉండని రోజులు మామూలు. పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతుంది. పిల్లాడు ఆడుతూనే ఉంటాడు, ఒళ్ళు పొడిగానే ఉంటుంది, నీళ్ళు అడగడు. కాసేపటికి చిరాకు, ఆ తర్వాత తలనొప్పి, ఆపైన వాంతులు. పైగా మన దగ్గర ఊరి మొగలో చలివేంద్రం ఉంటుంది, వేపచెట్టు ఉంటుంది, ఎవరిదో ఒకరి అరుగు ఉంటుంది. ఇక్కడ తర్వాతి నీడ యాభై మైళ్ళ అవతల ఉండొచ్చు.

అందుకే ఎడారి ప్రయాణానికి మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడికి అన్నది కాదు, ఎప్పుడు అన్నది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మూడు క్యాలెండర్లు

అమెరికాలోని తెలుగు ఇంట్లో ట్రిప్పు అనుకుంటే రెండు క్యాలెండర్లు చూస్తారు. ఒకటి స్కూలుది, రెండోది అత్తమామలో అమ్మానాన్నలో వచ్చే విమానం టికెట్లది. జూన్ నుంచి ఆగస్టు వరకు పిల్లలకు సెలవులు. మంచు కాలం తప్పించుకోవాలని పెద్దవాళ్ళూ ఎక్కువగా ఆ నెలలు కలిసొచ్చేట్టే వస్తారు. రెండూ చక్కగా కుదురుతాయి. మూడో క్యాలెండరు ఎడారిది. దానికి సరిగ్గా ఆ నెలలే పనికిరావు.

2023లో ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. 43 సెల్సియస్ పైమాటే. 2024 జులై డెత్ వ్యాలీలో అప్పటివరకు ఏ నెలా లేనంత వేడిగా గడిచింది. ఆ నెలలోనే బెల్జియం నుంచి వచ్చిన పర్యాటకుడొకరు మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెల మీద చెప్పులు పోగొట్టుకుని, అరికాళ్ళు దారుణంగా కాల్చుకున్నారు. ఆ కథలో నన్ను ఆపేసింది కాలిన కాళ్ళు కాదు. అంత వేడికి హెలికాప్టర్ అక్కడ దిగలేకపోయింది. ఆయన్ని అంబులెన్సులో కాస్త చల్లగా ఉండే ఎత్తు ప్రాంతానికి చేర్చాకే అది ఎక్కించుకోగలిగింది. 911కి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వచ్చేస్తారన్న ధీమా జులైలో ఈ లోయలో అన్నివేళలా చెల్లదు. 1972 జులైలో ఫర్నేస్ క్రీక్ దగ్గర నేల ఉపరితలమే 201 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 94 సెల్సియస్ చూపించింది. రెండేళ్ళ పిల్ల ముఖం ఆ నేలకు మన ముఖం కన్నా ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

నవంబరు నుంచి మార్చి వరకు అదే లోయ వేరే లోకం. డిసెంబరులో పగలు 18 నుంచి 20 సెల్సియస్, రాత్రి నాలుగైదు. కాబట్టి థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ సెలవులు, వసంతంలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్... ఈ మూడే పిల్లలున్నవాళ్ళకు ఎడారి రోజులు. అమ్మానాన్నలకు ఎడారి చూపించాలని మరీ ఉంటే, వాళ్ళ టికెట్లను అక్టోబరులో మొదలయ్యేట్టు తీయండి. వేసవిలోనే వెళ్ళక తప్పకపోతే ఎత్తును పట్టుకోవాలి. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సముద్ర మట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. జులైలో కూడా అక్కడ పగలు 30 సెల్సియస్ దగ్గర్లోనే ఉంటుంది. అదే రోజు లోయ అడుగున 40 దాటుతుంది. అంచున నిలబడి చూడండి, పిల్లలతో కిందికి దిగకండి.

చలికాలం అనగానే అన్నీ తేలికైపోవు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సులో గడ్డకట్టిన మంచు విరిగి ముగ్గురు భారతీయులు చనిపోయారు. వాళ్ళలో గుంటూరు ప్రాంతం నుంచి వెళ్ళిన దంపతులున్నారు. అందరూ ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉండేవాళ్ళే. స్వెట్టరు అవసరం లేని ఊళ్ళో బయల్దేరి కొన్ని గంటల్లోనే మంచు మీద నిలబడే రాష్ట్రం అది. ఎడారికి వెళ్తున్నాం కదా అని పిల్లల టోపీలు, మందపాటి కోట్లు ఇంట్లో వదిలేయకూడదు. గడ్డకట్టిన నీటి మీద అడుగు పెట్టనే కూడదు.

ఎక్సెల్ షీట్ పెట్టే చిచ్చు

మనవాళ్ళ ట్రిప్పు ప్లాను ఎలా ఉంటుందో తెలిసిందే. శుక్రవారం ఆఫీసు అవగానే లాస్ ఏంజెలెస్‌లో బయల్దేరి రాత్రికి వేగాస్, మర్నాడు హూవర్ డ్యామ్ చూసుకుని గ్రాండ్ కాన్యన్, ఆ మర్నాడు పేజ్ ఊళ్ళో యాంటిలోప్ కాన్యన్, సోమవారం జయాన్, అదే రాత్రి ఇల్లు. షీటులో ప్రతి గంటకూ ఒక గడి, గడికో రంగు. వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకే దాదాపు 280 మైళ్ళు. మొత్తం కలిపితే 1,200 మైళ్ళు దాటుతుంది. ఆ షీటులో ‘మూడేళ్ళ పాపకు కునుకు’ అనే గడి ఎక్కడా కనిపించదు. ‘అర్జెంటుగా బాత్రూమ్’ అనే గడి అసలే ఉండదు.

నా మాట వినేట్టయితే ఆ షీటును తిరగేసి గీయండి. చిన్నపిల్ల ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, ఎంతసేపు కదలకుండా కూర్చోగలదు... ముందు ఇవి రాసుకుని, వాటి మధ్య మిగిలిన ఖాళీల్లో రోడ్డు పెట్టండి. పొద్దున్నే రెండు గంటలు నడిపి ఒకచోట దించి ఆడించాలి. అన్నం తిన్నాక వచ్చే నిద్ర వేళలో ఇంకో రెండు గంటలు. నాలుగింటికల్లా హోటల్లో ఉండాలి, ఆ హోటల్లో ఈతకొలను ఉండాలి. (తిరిగొచ్చాక స్కూల్లో టీచరు అడిగితే పిల్లలు చెప్పేది గ్రాండ్ కాన్యన్ గురించి కాదు, ఆ ఈతకొలను గురించే. దీనికి బాధపడాల్సిన పనిలేదు.) రోజుకు నాలుగైదు గంటల ప్రయాణం, ఒక్కో మకాంలో రెండు రాత్రులు. అయిదు చోట్లు రెండవుతాయి. పోయిన మూడు చోట్లూ ఎక్కడికీ పోవు, పిల్లలు పెద్దయ్యేదాకా ఉంటాయి.

పిల్లలు నిద్రపోతారని రాత్రంతా నడిపే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. మామూలు ఫ్రీవే మీద సరే. దీపం లేని, ఫోన్ సిగ్నల్ అందని ఎడారి రోడ్డు మీద, హఠాత్తుగా అడ్డొచ్చే అడవి గాడిదల మధ్య ఆ లెక్క ఒప్పదు. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలోనే పిల్లల్ని ఎత్తి సీట్లలో వేసుకుని బయల్దేరడం మేలు. తండ్రి ఆ ముందు రాత్రి పది దాకా లాప్‌టాప్ ముందు కూర్చోకుండా ఉంటేనే సుమా!

కాలం లెక్కలో ఒక మెలిక ఉంది. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం ముందుకు జరపదు. ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో నేషన్ జరుపుతుంది. దాని మధ్యలో ఉన్న హోపీ భూములు మళ్ళీ జరపవు. పేజ్ ఊళ్ళో దిగి, యాంటిలోప్ కాన్యన్ టూర్ టికెట్ కొని, మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్ళేవాళ్ళు ఫోన్ చూపించే టైమును నమ్మకుండా, టికెట్ మీద ఉన్నది ఎవరి టైమో అడిగి రాసుకోవాలి. గంట ముందు నిద్రలేపిన రెండేళ్ళవాడితో ఇరుకు లోయలో నడవడం ఎవరికీ వద్దు.

బకిల్, దువ్వెన, పాటీ

గ్యాస్ స్టేషన్లో పావుగంట ఆగి వచ్చేసరికి కార్ సీటు బకిల్ ఇనుప నాలుక మీద వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది. దాన్ని నిక్కరు వేసుకున్న పిల్లాడి తొడల మధ్య పెట్టి నొక్కుతాం మనం. వాడు గుక్కపట్టి ఏడిస్తే ‘సీట్లో కూర్చోనని పేచీ’ అనుకుంటాం. దిగేటప్పుడే సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పేసి వెళ్తే ఈ గొడవ ఉండదు.

దిగేటప్పుడు తల లెక్కపెట్టడం అంతకన్నా ముఖ్యం. ఆపిన కారు లోపల మొదటి పది నిమిషాల్లోనే దాదాపు 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుందని కొలిచి చూపించారు. పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. 1998 నుంచి ఇప్పటిదాకా అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లలు ఇలా కార్లలో చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా, పెద్దవాళ్ళు మరిచిపోయి వదిలేసినవాళ్ళే. రెండు కార్లలో మూడు కుటుంబాలు వెళ్ళినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. “వాళ్ళ నాన్న ఎత్తుకున్నాడనుకున్నా వదినా” అన్న మాట ఎంత మామూలుగా వస్తుందో గుర్తు చేసుకోండి. పడుకున్న బిడ్డను ఏసీ వేసి వదిలి వెళ్ళడం కూడా వద్దు. బేకర్ దాటాక వచ్చే ఎత్తు మీద ఇంజన్ కాగిపోకుండా ఏసీ ఆపమని బోర్డులే ఉంటాయి, ఆ ఎండలో ఇంజన్‌ను నమ్మి బిడ్డను వదల్లేం.

డిక్కీలో ఒక చిన్న పాటీ, అందులో పరచడానికి డైపర్లు పెట్టుకోండి. యూటాలో ఐ-70 మీద గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా సుమారు 110 మైళ్ళు గ్యాస్ బంకు గానీ హోటలు గానీ లేవు. రోడ్డు పక్కన పొద చాటుకు తీసుకెళ్దామంటే ఆ పొద చోయా అనే బ్రహ్మజెముడు కావచ్చు. జాషువా ట్రీ పార్కులో వీటి తోటే ఉంది. దూరం నుంచి బొచ్చు కుక్కపిల్లలా ముద్దుగా కనిపిస్తుంది, పిల్లలు ముట్టుకోబోతారు. తగిలితే ముళ్ళ ముద్ద మొత్తం ఊడి చేతికి పట్టుకుంటుంది. చేత్తో లాగితే లాగిన చేతికీ గుచ్చుకుంటుంది. దువ్వెనను ముద్దకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురుతో దూరంగా చిమ్మాలి, మిగిలిన ముళ్ళను పట్టకారుతో తీయాలి. మందుల పెట్టెలో దువ్వెన ఎందుకని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

నీళ్ళు మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు తీసుకురమ్మని డెత్ వ్యాలీ పార్కు వాళ్ళే చెబుతారు. తాతయ్య, అమ్మమ్మ, దంపతులు, ఇద్దరు పిల్లలు రెండు రోజులుంటే పన్నెండు గాలన్లు. ఇంకా ఆర్నెల్లు నిండని బిడ్డ ఉంటే లెక్క వేరు. “నోరు ఎండిపోతోంది, చెంచాడు నీళ్ళు పట్టు” అని అమ్మమ్మ అంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వద్దంటుంది. ఆ వయసులో దాహానికి తల్లిపాలో ఫార్ములానో మరో రెండుసార్లు పట్టడమే. ఆ వయసు బిడ్డకు సన్‌స్క్రీన్ కన్నా నీడే మందు.

తిండి విషయంలో మనకు తిరుగులేదు. నాలుగు గంటలు నిల్వ ఉండే ప్రయాణపు వంట మనకు పులిహోర రూపంలో ఎప్పటినుంచో ఉంది. పెరుగన్నం మాత్రం ఐస్ పెట్టెలోనే ఉండాలి. బయట 90 ఫారెన్‌హీట్ దాటితే పాడయ్యే పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. కారు లోపల 90 అనేది పొద్దున తొమ్మిదింటి మాట. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు, మరమరాలు, తరిగిన కీరా. చాక్లెట్లు ఇంట్లోనే వదిలేయండి, కార్ సీటు కడగడం ఎవరి వాటాకు వస్తుందో తెలుసు.

పటం చెప్పింది, కారు వెళ్ళింది

2009 ఆగస్టులో డెత్ వ్యాలీ దక్షిణ భాగంలో ఒక తల్లి, కొడుకు జీపీఎస్ చూపిన మట్టిరోడ్డు పట్టుకుని వెళ్ళారు. జీపు ఇసుకలో కూరుకుపోయింది. అయిదు రోజుల తర్వాత రేంజర్ కనిపెట్టేసరికి బిడ్డ చనిపోయాడు, తల్లి ప్రాణాలతో దొరికింది. జీపీఎస్ చావు అనే మాట ఆ పార్కు సిబ్బంది నోట వినిపించేదే. జీపీఎస్ దగ్గరి దారి చూపిస్తుంది గానీ, ఆ దారిలో కిందటిసారి కారు ఎప్పుడు వెళ్ళిందో చెప్పదు. తారు రోడ్డు దాటి చక్రం దింపకండి. విజిటర్ సెంటర్లో కాగితం పటం ఇస్తారు, తీసుకోండి. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సాయం అడిగే ఏర్పాటు ఉంది. దాన్ని వాడడం ఇంట్లోనే నేర్చుకోవాలి. కొత్త కార్లలో చాలావాటికి స్పేర్ టైరే ఉండదు, బయల్దేరే ముందు డిక్కీ అడుగు ఎత్తి చూడండి. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండాలి. గాలిలోంచి వెతికేవాళ్ళకు మనిషి కనపడడు, కారు కనపడుతుంది.

డాలస్, ఆస్టిన్ తెలుగువాళ్ళు కారులో వెళ్ళగల ఎడారుల్లో ఒకటి న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్. 2019 డిసెంబరులో జాతీయ పార్కు హోదా వచ్చింది. ఇసుకంతా జిప్సం, పాలలా తెల్లగా ఉంటుంది, ఎండలో కూడా కాలు కాలదు. పార్కు దుకాణంలో ప్లాస్టిక్ పళ్ళేలు అమ్ముతారు, పిల్లలు తిన్నెల మీంచి వాటిలో కూర్చుని జారతారు. మూడేళ్ళ నుంచి డెబ్భై ఏళ్ళ దాకా అందరికీ సరిపోయే ఆట ఇదొక్కటే అనిపిస్తుంది. కాలు కాలకపోవడమే ఇక్కడి మోసం కూడా. 2015 ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన దంపతులు తొమ్మిదేళ్ళ కొడుకుతో ఇక్కడ ఆల్కలై ఫ్లాట్ అనే అయిదు మైళ్ళ కాలిబాట పట్టారు. చేతిలో రెండు చిన్న సీసాల నీళ్ళు. తల్లికి ఒంట్లో బాగాలేక వెనక్కి తిరిగింది, తండ్రీకొడుకులు ముందుకు సాగారు. పెద్దవాళ్ళిద్దరూ చనిపోయారు. తాము ఒక గుక్క తాగితే బిడ్డకు రెండు గుక్కలు పట్టారు వాళ్ళు. వాడు బతికింది అందువల్లే కావచ్చునని షెరీఫ్ అన్నాడు. వైట్ శాండ్స్‌లో పిల్లలతో కారు కనిపించే తిన్నెల మీదే ఆడుకుంటే చాలు. కాలిబాటలు చలికాలానికి, పెద్దయిన పిల్లలకు.

చుట్టూ క్షిపణి పరీక్షల మైదానం ఉంది కాబట్టి ఆ పక్క హైవేను అప్పుడప్పుడు కొన్ని గంటలు మూసేస్తారు, ముందు రోజే చూసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఎల్ పాసో దాటాక ఐ-10 మీద సియెరా బ్లాంకా దగ్గర సరిహద్దు గస్తీవాళ్ళ తనిఖీ ఉంటుంది. అమెరికా దాటకపోయినా ఆపి అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు, బీ-2 మీద వచ్చిన తల్లిదండ్రులు పాస్‌పోర్టు, ఐ-94 దగ్గరుంచుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రం వెంట ఉంచుకోవాలన్నది చట్టం. ఫోన్లో ఫొటో ఉంది కదా అని కాగితాలు డాలస్ బీరువాలో వదిలి రావద్దు.

పిల్లలకు ఏం దొరుకుతుంది?

ఇన్ని జాగ్రత్తలు చదివాక వెళ్ళడమెందుకు అనిపించొచ్చు. వెళ్ళాలి. జాతీయ పార్కుల్లో జూనియర్ రేంజర్ అని ఒక పద్ధతి ఉంది. విజిటర్ సెంటర్లో చిన్న పుస్తకం ఇస్తారు. చూసిన రాయి, బల్లి, మొక్క బొమ్మలు వేసి, ప్రశ్నలకు జవాబులు రాసి తెస్తే, రేంజర్ ఆ పిల్లల చేత కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తాడు. యూనిఫాం వేసుకున్న మనిషి తన పేరు అడిగి, తను వేసిన బొమ్మ చూసి, తనతో సీరియస్‌గా మాట్లాడటం ఆరేళ్ళ పిల్లకు ఎంత గొప్పో చూసి తీరాలి. డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ దగ్గర సముద్ర మట్టానికి 282 అడుగుల కింద నిలబడి, కొండ మీద ‘సముద్ర మట్టం ఇదీ’ అని పెట్టిన బోర్డును తలెత్తి వెతకడం ఇంకో ఆట. 2023 ఆగస్టులో హిలరీ తుపాను అవశేషాలు కురిశాక ఈ ఉప్పు నేల మీద చెరువు నిలిచి, మరుసటి ఏడాది వసంతం దాకా ఉంది. స్టార్ వార్స్ మొదటి సినిమాలోని ఎడారి గ్రహం దృశ్యాలు కొన్ని ఈ లోయలో తీసినవే. ఆ మాట చెబితే కొండ ఎక్కనని మొరాయించే పదేళ్ళవాడు కూడా కారు దిగుతాడు. చీకటి పడ్డాక దీపాలు ఆర్పితే పాలపుంత కంటికి కనిపిస్తుంది. మన మిద్దెల మీద పడుకుని చూసిన ఆకాశం అమ్మమ్మ మనవరాలికి ఇక్కడ చూపించగలదు, పేర్లతో సహా.

థాంక్స్‌గివింగ్‌కు వెళ్దామనుకుంటే ఫర్నేస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్ బసలు చాలా ముందే నిండిపోతాయి. దొరక్కపోతే నెవాడా వైపు బేటీలోనో పారంప్‌లోనో దిగి పొద్దున్నే లోయలోకి రావచ్చు. తిరుగు ప్రయాణానికి ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు వేగాస్ నుంచి లాస్ ఏంజెలెస్ వైపు ఐ-15, ప్రిమ్ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటేచోట గంటల తరబడి పాకుతుంది. పిల్లలున్న కారుకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. శనివారమే బయల్దేరండి. లేదంటే సోమవారానికి సెలవు మేనేజర్ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.